జాన్ మ్యూర్ ట్రైల్‌కి బయల్దేరే ముందు స్నో ఎంతుందో చూస్కోవడం ఎలా? (తరచుగా అడిగే ప్రశ్నలు)

ఏప్రిల్ వచ్చిందంటే బే ఏరియా తెలుగు హైకింగ్ వాట్సాప్ గ్రూపుల్లో ఇవే డౌట్లు మళ్లీ మొదలవుతాయి, పాత మెసేజ్‌లు ఎవరూ వెతకరు, అందుకే అన్నీ ఒకచోట పెట్టేస్తున్నా. ఇదంతా జాన్ మ్యూర్ ట్రైల్ (జేఎంటీ) గురించే. కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడా కొండల్లో (సియెర్రా అంటే ఇవే), యోసెమిటీ పార్క్‌లో హ్యాపీ ఐల్స్ దగ్గర మొదలై మౌంట్ విట్నీ (14,505 అడుగులు) శిఖరం దాకా సుమారు 211 మైళ్లు. మనవాళ్లు ఎక్కువమంది ఉత్తరం నుంచి దక్షిణానికే నడుస్తారు కాబట్టి జవాబులన్నీ ఆ డైరెక్షన్‌కే రాశా. ఏ జవాబుకి ఆ జవాబు విడిగానే ఉంటుంది, మీకు కావాల్సింది చదువుకుని వెళ్లిపోవచ్చు.

## పర్మిట్‌కి అప్లై చేసే టైమ్‌లో (జనవరి నుంచి మార్చి)

జనవరిలోనే డేట్ పెట్టమంటున్నారు, అప్పటికి స్నో ఎంత పడుద్దో ఎవరికి తెలుసు?

ఎవరికీ తెలీదు. ఇప్పటి పద్ధతిలో యోసెమిటీ పర్మిట్ లాటరీ 24 వారాల ముందు నడుస్తుంది, అంటే జులై మొదట్లో డేట్ కావాలంటే జనవరి మధ్యలోనే పేరు ఇవ్వాలి, అప్పటికి చలికాలం సగం కూడా అవ్వదు. ఒక్క పెద్ద తుఫాన్ల వరస మార్చిలో వచ్చినా లెక్క మొత్తం మారిపోద్ది. కాబట్టి జనవరిలో అందరూ గుడ్డిగా ఆడేదే. నా సలహా ఏంటంటే లాటరీలో జులై చివరి వారం నుంచి ఆగస్టు మధ్య దాకా డేట్లు పెట్టండి, ఎక్కువ ఏళ్లకి సరిపోయే టైమ్ అదే. ఇంకో దారి కూడా ఉంది, యోసెమిటీ పర్మిట్లలో 40 శాతం ఏడు రోజుల ముందు ఆన్‌లైన్‌లో రిలీజ్ చేస్తారు, ఇన్యో ఫారెస్ట్ ఎంట్రీలకైతే రెండు వారాల ముందు. లీవ్ విషయంలో మేనేజర్ కాస్త మంచోడైతే ఇదే బెస్ట్, ఎందుకంటే అప్పటికి స్నో సంగతి కళ్లముందు ఉంటుంది.

జులై 4 వీకెండ్ కలిపితే లీవ్ కలిసొస్తది, అప్పుడు స్నో ఉంటుందా?

ఏడాదిని బట్టి ఉంటుంది, ఇది తప్పించుకోడానికి చెప్పే మాట కాదు. 2015లో జులై 4కి పాస్‌లన్నీ (ట్రైల్ కొండలు దాటే ఎత్తైన కనుమలు) దాదాపు పొడిగా ఉన్నాయి, ట్రెయిల్ రన్నర్ షూలతో నడిచేశారు. 2023లో అదే తారీఖుకి పాస్‌లకి రెండువైపులా మైళ్ల కొద్దీ స్నో, వాగులు పొంగిపొర్లుతున్నాయి, యోసెమిటీలో కొండ దాటే టయోగా రోడ్డే జులై 22 దాకా తెరవలేదు. ఒక మోస్తరు ఏడాదిలో జులై 4కి పెద్ద పాస్‌ల ఉత్తరం వైపు మీద పట్టీలు పట్టీలుగా స్నో ఉంటుంది, ట్రైల్ అక్కడక్కడా మాయమవుద్ది, దోమలు మాత్రం పీక్‌లో ఉంటాయి (స్నో కరిగిన నీళ్లే వాటికి ఊయల). ఆ ఒక్క సెలవు రోజు కోసం ఇన్ని భరించాలా అన్నది మీరే ఆలోచించుకోండి.

సెప్టెంబర్‌లో వెళ్తే ఈ గొడవే ఉండదు కదా?

స్నో గొడవ చాలావరకు ఉండదు, దాని బదులు కార్చిచ్చుల పొగ గొడవ. 2020 సెప్టెంబర్‌లో క్రీక్ ఫైర్ వచ్చినప్పుడు ట్రైల్ మధ్యలో ఉన్నవాళ్లని బయటికి పంపేశారు, 2021లో ఆగస్టు 31 నుంచి రెండు వారాలు కాలిఫోర్నియాలో నేషనల్ ఫారెస్టులే దాదాపు అన్నీ మూసేశారు. పైగా పగలు చిన్నవి, రాత్రులు బాగా చల్లగా ఉంటాయి, నెలాఖరుకి కొత్త స్నో పడే ఛాన్స్ కూడా ఉంది. అయినా సెప్టెంబర్ మొదటి రెండు వారాలు పొగ లేకపోతే మాత్రం సియెర్రాకి అంతకంటే మంచి టైమ్ లేదని నా అభిప్రాయం.

ఇండియాలో డిసెంబర్‌లో కేదార్‌కంఠ చేశాను, స్నో అలవాటే. ఇది కూడా అంతే కదా?

అలవాటు ఉండటం మంచిదే, కానీ అక్కడ ముందు గైడ్ నడిచి మెట్లు కొడతాడు, పొద్దున ఎన్నింటికి లేవాలో వాళ్లే చెప్తారు, స్లోప్ బాలేకపోతే వాళ్లే వెనక్కి తిప్పుతారు, వంట కూడా వాళ్లదే. ఇక్కడ ఆ పనులన్నీ మీవే. ఇంకో తేడా ఉంది, చలికాలపు పొడి స్నో వేరు, జూన్ జులైలో సియెర్రాలో ఉండేది వేరు. ఇది రాత్రి గడ్డకట్టి, పగలు కరిగి, మళ్లీ గడ్డకట్టి తయారైన గట్టి స్నో. పొద్దున జారితే ఆగదు, మధ్యాహ్నం అడుగేస్తే తొడ దాకా దిగిపోతారు. అక్కడ కాళ్లకి అలవాటైంది ఇక్కడ పనికొస్తది, నిర్ణయాలు మాత్రం కొత్తగా నేర్చుకోవాల్సిందే.

## లెక్కలు చూసే టైమ్ (ఏప్రిల్, మే)

న్యూస్‌లో "స్నోప్యాక్ 110 శాతం" అన్నారు, అంటే ఈ ఏడు నార్మలేనా?

స్నోప్యాక్ అంటే కొండల మీద పేరుకున్న స్నో, దాన్ని సగటుతో పోల్చి శాతం చెప్తారు. ఆ ఒక్క నంబర్ పట్టుకుంటే పప్పులో కాలేసినట్టే. టీవీలో చూపించేది ఎక్కువగా ఫిలిప్స్ స్టేషన్ అని తాహో దగ్గర ఉన్న మైదానం, అధికారులు గొట్టం గుచ్చి కెమెరాల ముందు కొలుస్తారు, అది జేఎంటీకి చాలా ఉత్తరాన, చాలా కిందన. స్టేట్ మొత్తం శాతం కూడా మూడు ముక్కల సగటు: నార్త్, సెంట్రల్, సౌత్. మనకి కావాల్సింది సెంట్రల్, సౌత్. 2023 ఏప్రిల్‌లో స్టేట్ మొత్తానికి 237 శాతం అంటే సౌత్ సియెర్రా ఒక్కటే 300 శాతం దగ్గర ఉంది, చూడండి ఎంత తేడానో. 2015లో అయితే స్టేట్ మొత్తం 5 శాతం, ఆ ఏడు ఫిలిప్స్‌లో గవర్నర్ గడ్డి మీద నిలబడి మాట్లాడాడు. ఇంకోటి, "ఏప్రిల్ 1 సగటులో శాతం" వేరు, "ఈ తారీఖుకి ఉండాల్సిన దాంట్లో శాతం" వేరు. మే నెలాఖరులో రెండోది 200 అని కనబడితే కంగారు పడక్కర్లేదు, ఆ టైమ్‌కి ఉండాల్సిందే కొంచెం కాబట్టి కాస్త మిగిలినా శాతం ఎగిరిపోద్ది. అంగుళాలు చూడండి.

ఎస్‌డబ్ల్యూఈ అని రాస్తారు, అదేంటి? స్నో లోతు చెప్తే సరిపోద్దిగా?

స్నో వాటర్ ఈక్వివలెంట్. ఆ స్నో మొత్తం ఉన్నచోటే కరిగిస్తే ఎన్ని అంగుళాల నీళ్లు నిలుస్తాయో ఆ లెక్క. లోతు నమ్మలేం, నిన్న పడిన అడుగు స్నో నాలుగు రోజుల్లో అణిగి సగమైపోద్ది, నీళ్లు మాత్రం అంతే ఉంటాయి. కొత్త స్నోలో నీళ్లు పదో వంతు ఉంటే, మే నెలలో అణిగిపోయిన స్నోలో 40 నుంచి 50 శాతం ఉంటాయి. అంటే మే చివర్లో సెన్సర్ 20 అంగుళాలు చూపిస్తే అక్కడ సుమారు 40 నుంచి 50 అంగుళాల మందం గట్టి స్నో ఉందని అర్థం. ఈ కొలిచే గొట్టం కనిపెట్టింది నెవాడా యూనివర్సిటీలో లాటిన్, గ్రీక్ చెప్పే ప్రొఫెసర్ జేమ్స్ చర్చ్, 1900ల మొదటి దశాబ్దంలో మౌంట్ రోజ్ మీద చేశాడు. ఇప్పటికీ సర్వేయర్లు వాడేది ఆ రకం గొట్టమే. మన ఆటోమేటిక్ స్టేషన్లలో మాత్రం నేలమీద పరిచిన స్నో పిల్లో ఉంటుంది, లోపల యాంటీఫ్రీజ్ ద్రవం, పైన పడిన స్నో బరువు ఎంత నొక్కితే అంత రీడింగ్.

సీడెక్ సైట్‌లో వందల స్టేషన్లు ఉన్నాయి, ఏది చూడాలి?

సీడెక్ అంటే కాలిఫోర్నియా డేటా ఎక్స్‌ఛేంజ్ సెంటర్, ఫ్రీ. ట్రైల్ పొడుగునా ఉన్నవి నాలుగైదు బుక్‌మార్క్ చేస్కుంటే చాలు. డోనహ్యూ పాస్ (11,056 అడుగులు) సైడ్‌కి జెమ్ పాస్, టుఅలమీ మెడోస్. సెల్డెన్ పాస్ దగ్గరికి వోల్కానిక్ నాబ్. మ్యూర్ పాస్ (11,955) కోసం బిషప్ పాస్ స్టేషన్, ఇది 11,200 అడుగుల మీద ఉంది కాబట్టి బాగా పనికొస్తుంది. గ్లెన్ పాస్‌కి షార్లెట్ లేక్. ఫారెస్టర్ పాస్ (13,153) దక్షిణం వైపుకి అప్పర్ టిండాల్ క్రీక్, బిగ్‌హార్న్ ప్లేటో. పీసీటీ (పసిఫిక్ క్రెస్ట్ ట్రైల్ అనే ఇంకో పొడుగాటి ట్రైల్) వాళ్లు బిగ్‌హార్న్ ఒక్కటే చూసి మాట్లాడతారు, కానీ అది గాలి బాగా కొట్టే ఓపెన్ మైదానం, స్నో నిలవడం తక్కువ. అక్కడ ఖాళీ అయిందని మ్యూర్ పాస్ ఖాళీ అయిందనుకోవద్దు. రీడింగ్ ఒక్కసారిగా అయిదు అంగుళాలు పెరిగి మర్నాటికి పడిపోతే అది తుఫాన్ కాదు, సెన్సర్ గోల, పట్టించుకోకండి.

ఇంకా ఎన్ని రోజులకి కరుగుతుందో లెక్క కట్టొచ్చా?

ఉజ్జాయింపుగా కట్టొచ్చు. మే చివర్నుంచి ఎండ బాగా కాస్తే 10,000 అడుగుల పైన ఉన్న స్టేషన్లు రోజుకి ఒక అంగుళం నీళ్ల లెక్కన తగ్గుతాయి, జూన్ వేడి గాలులకి రెండు అంగుళాల దాకా పోవచ్చు. ఉదాహరణకి బిషప్ పాస్ స్టేషన్ జూన్ 10న 24 అంగుళాలు చూపించింది, గత వారం రోజూ సగటున 1.2 తగ్గుతోంది, అంటే జూన్ 30కి సున్నా. అది స్టేషన్‌కి సున్నా, పాస్‌కి కాదు. స్టేషన్లన్నీ చదునైన ఎండ తగిలే మైదానాల్లో పెడతారు, పాస్ ఉత్తరం ముఖం నిటారుగా నీడలో ఉంటుంది, పైనుంచి గాలికి కొట్టుకొచ్చిన స్నో అక్కడ గుట్టపడుతుంది. కాబట్టి స్టేషన్ సున్నా అయ్యాక ఇంకో రెండు నుంచి నాలుగు వారాలు కలుపుకోండి, భారీ ఏడాదిలో అయితే అక్కడ కొన్ని పట్టీలు ఆ ఏడు అసలు కరగవు. మధ్యలో మేఘాలు పట్టి చల్లబడితే కరగడం వారం ఆగిపోతుంది, లెక్క మళ్లీ చేస్కోవాలి.

ఇంత లెక్క నావల్ల కాదు, సింపుల్‌గా ఏదైనా చెప్పండి.

పాత ఏడాదితో పోల్చండి. సీడెక్‌లో అదే స్టేషన్‌కి పాత సంవత్సరాల గ్రాఫ్ వస్తుంది, ఈ ఏడు గీత ఏ ఏడాది గీతకి దగ్గరగా నడుస్తోందో చూసి, ఆ ఏడాది అదే తారీఖుల్లో జనం పెట్టిన ఫొటోలు, ట్రిప్ రిపోర్టులు వెతకండి. ఏప్రిల్ 1కి స్టేట్ మొత్తం 38 శాతమే ఉన్న 2022 పొడి ఏడాదికి మంచి నమూనా, 2023 భారీ ఏడాదికి. పోస్ట్‌హోలర్ సైట్‌లో కూడా ట్రైల్ సెక్షన్ల వారీగా పోల్చి చూపిస్తారు, కాకపోతే వాళ్ల డేటా ఒక కిలోమీటర్ గడుల మోడల్ నుంచి వస్తుంది, మొత్తం ట్రెండ్‌కి పనికొస్తది కానీ ఫలానా పాస్ మీద ఎంతుందనేదానికి కాదు.

## రెండు వారాల ముందు

శాటిలైట్ ఫొటోలో స్నో చూడొచ్చంటగా, ఎలా?

కోపర్నికస్ బ్రౌజర్ అనే శాటిలైట్ ఫొటోల సైట్ ఓపెన్ చేసి సెంటినెల్-2 శాటిలైట్ సెలెక్ట్ చేయండి, అకౌంట్ ఫ్రీ. 10 మీటర్ల వివరం ఉంటుంది, దాదాపు 5 రోజులకోసారి కొత్త ఫొటో. మేఘాలు లేని తారీఖు చూస్కుని మీ పాస్ మీదికి జూమ్ చేయండి. ఇక్కడ కొత్తవాళ్లు అందరూ ఒకేచోట దెబ్బతింటారు: సియెర్రా రాళ్లే తెల్ల గ్రానైట్, మామూలు కలర్ ఫొటోలో ఎండకి మెరిసే బండ కూడా స్నోలాగే కనబడుద్ది. అందుకే లేయర్ మార్చి షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్ పెట్టండి, స్నో నీలి ఆకుపచ్చ రంగులోకి వస్తుంది, బండ గోధుమ రంగులో ఉండిపోతుంది, మేఘం తెల్లగా విడిగా తెలుస్తుంది. తర్వాత ఒక వారం పాత ఫొటో పక్కన పెట్టి చూస్తే స్నో అంచు ఎంత పైకి జరిగిందో కళ్లకి కడుతుంది. దీనికి తెలీనివి రెండు: స్నో మందం, చెట్ల కింద ఉన్న స్నో. 9,000 నుంచి 10,500 అడుగుల మధ్య లాడ్జ్‌పోల్ పైన్ అడవిలో పైనుంచి పచ్చగా కనబడ్డా కింద నడుం లోతు దిబ్బలు ఉండొచ్చు, జనం దారి తప్పేది కూడా ఎక్కువ అక్కడే.

మొత్తం ట్రైల్‌లో స్నోకి భయపడాల్సిన చోట్లు ఏవి?

డోనహ్యూ మొదటి పరీక్ష, పెద్ద కష్టం కాదు. మ్యూర్ పాస్‌కి నిటారు తక్కువ కానీ రెండువైపులా మైళ్ల కొద్దీ స్నో, మిగతావన్నీ కరిగినా ఇది కరగదు, పైన 1930లో కట్టిన రాతి గుడిసె ఉంది, అది తుఫాన్‌లో తలదాచుకోడానికే తప్ప మకాం పెట్టడానికి కాదు. మేథర్ (సుమారు 12,100), గ్లెన్ (11,978) ఉత్తరం వైపులు నిటారు, ఆ వైపు నుంచే మీరు ఎక్కుతారు కాబట్టి కాస్త నయం, స్నో మీద ఎక్కడం దిగడం కంటే సేఫ్. ఫారెస్టర్ రివర్స్: ఉత్తరం వైపు పొడుగాటి స్నో మైదానాలు, దాటి పైకెళ్లాక దక్షిణం దిగేటప్పుడు పైనే ఒక ఇరుకు గాడి అడ్డం వస్తుంది, దాన్ని నాలుగడుగుల్లో దాటేయొచ్చు కానీ కింద చూస్తే కాళ్లు వణుకుతాయి. ఇక చివర్లో విట్నీ నుంచి పోర్టల్‌కి (కింద రోడ్డు దగ్గరున్న విట్నీ పోర్టల్) దిగేటప్పుడు 99 మలుపుల్లో కేబుల్స్ ఉన్న చోటు, అక్కడ ఐస్ జూన్ దాకా, కొన్నేళ్లు జులై దాకా మొండికేస్తుంది. అందరూ 200 మైళ్లు చూస్కుని ఆఖరి 10 మైళ్లు చూడరు. కాల్‌టోపో మ్యాప్ సైట్‌లో స్లోప్ యాంగిల్ లేయర్ ఆన్ చేసి ఈ చోట్లు చూడండి, పసుపు నుంచి ఎరుపుకి వెళ్లేకొద్దీ నిటారు.

టయోగా రోడ్డు ఓపెన్ చేసేశారు, ఇక పర్లేదన్నట్టేనా?

కాదు. రోడ్డు తెరిచేది బుల్డోజర్లు, ఎండ కాదు. 9,943 అడుగుల టయోగా పాస్‌కి పైన మీరు ఇంకో మూడు వేల అడుగులు ఎక్కాలి. ఎంత ఆలస్యంగా తెరిచారన్నది మాత్రం ఆ ఏడు స్నో ఎంత భారీయో చెప్పే మంచి గుర్తు.

గ్రూప్‌లో ఎవరో "నో స్నో, ఆల్ గుడ్" అని పెట్టారు, నమ్మొచ్చా?

ముందు తారీఖు చూడండి, పెట్టిన తారీఖు కాదు, ఆ పాస్ దాటిన తారీఖు. మధ్యలో సిగ్నల్ ఉండదు కాబట్టి వారం క్రితం దాటినవాళ్లు ఇవాళ పోస్ట్ చేస్తారు. తర్వాత ఎవరు రాశారో చూడండి, కొలరాడోలో స్కీయింగ్ చేసేవాడికి "ఈజీ" అయింది ఫ్రీమాంట్ నుంచి మొదటిసారి వెళ్లేవాళ్లకి కాకపోవచ్చు. ఎన్నింటికి దాటారు, స్పైక్స్ (బూట్ల కింద తొడిగే ముళ్లు) వేశారా, ఏ డైరెక్షన్ అన్నవి లేని రిపోర్ట్‌కి విలువ తక్కువ. "కొంచెం భయమేసింది" అని రాసినవాళ్లని నేను ఎక్కువ నమ్ముతా. ఫొటో ఉంటే పాస్ దగ్గరిది కాదు, పాస్ నుంచి కిందకి దిగే దారిది అడగండి.

మైక్రోస్పైక్స్ చాలా, ఐస్ యాక్స్ కూడా కొనాలా?

స్లోప్ తక్కువగా ఉండి అడుగుల జాడ ఉన్నచోట మైక్రోస్పైక్స్ చాలు. 30 డిగ్రీల దగ్గర్నుంచి, కింద బండలు గానీ నీళ్లు గానీ ఉన్న స్లోప్ మీద గట్టి స్నో అయితే ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి) కావాలి, స్పైక్స్ బదులు క్రాంపాన్స్ (ఇంకా పొడుగాటి ముళ్లు) బెటర్. కానీ ఐస్ యాక్స్ బ్యాగ్‌కి కట్టుకుని తిరగడానికి కాదు, పడితే రెండు మూడు సెకండ్లలో తిరగబడి దాని మొన స్నోలో గుచ్చి ఆగాలి, ఆ లోపు ఆగకపోతే స్పీడ్ పెరిగి ఇక ఆగరు. ఏప్రిల్‌లో తాహో వైపు ఏదైనా సేఫ్ స్లోప్ మీద, కింద చదును ఉన్నచోట, తల కిందకి పెట్టి, వీపు మీద, అన్ని రకాలుగా పడి ప్రాక్టీస్ చేయండి, క్లాస్ తీస్కుంటే ఇంకా మంచిది. నేర్చుకునే ఓపిక లేకపోతే కొనకండి, డేట్ వెనక్కి జరపండి, ఖర్చు తక్కువ.

స్నో ఎక్కువుంటే తిండి లెక్క మారుతుందా?

మారుతుంది. ట్రైల్ మీద రోజుకి 14 మైళ్లు నడిచేవాళ్లు స్నోలో 8 కూడా నడవలేరు, ఒళ్లు హూనమైపోద్ది. అంటే రోజులు పెరుగుతాయి, బేర్ క్యానిస్టర్ (ఎలుగుబంట్లు తెరవలేని తిండి డబ్బా) సైజు పెరగదు. పులిహోర మిక్స్, ఉప్మా మిక్స్ ఎంత నొక్కి కుక్కినా అందులో ఎనిమిది రోజులకి మించి కష్టం. మ్యూర్ ట్రైల్ రాంచ్, వెర్మిలియన్ వ్యాలీ లాంటి రీసప్లై చోట్లు (ముందే పంపిన తిండి తీస్కునేవి) కూడా భారీ ఏడాదిలో రోడ్లు తెరవక లేటుగా మొదలవుతాయి, తిండి బకెట్ పోస్ట్ చేసే ముందు ఓపెనింగ్ డేట్ కనుక్కోండి.

## చివరి మూడు రోజులు

వెదర్ యాప్‌లో మామత్ లేక్స్ ఊళ్లో రాత్రి 45 డిగ్రీలు (ఫారెన్‌హీట్) అంది, పైన ఎంతుంటుంది?

ఊరు 7,900 అడుగుల దగ్గరుంది. ప్రతి వెయ్యి అడుగులకి సుమారు 3.5 ఫారెన్‌హీట్ తగ్గుద్దనుకుంటే ఫారెస్టర్ మీద దాదాపు 18 డిగ్రీలు తక్కువ, అంటే 27. కానీ యాప్ వదిలేయండి, నేషనల్ వెదర్ సర్వీస్ సైట్‌లో మ్యాప్ మీద పాస్ దగ్గరే క్లిక్ చేస్తే ఆ ఎత్తుకి ఫోర్‌కాస్ట్ ఇస్తుంది. అందులో మనకి ముఖ్యం పగటి వేడి కాదు, రాత్రి 32 కిందకి దిగుతుందా లేదా. దిగితే పొద్దున స్నో గట్టిగా ఉండి పైన నడవనిస్తుంది. ఆకాశం నిర్మలంగా ఉంటే గాలి 35 ఉన్నా స్నో పైపొర గడ్డకట్టొచ్చు, మబ్బు పడితే 32 దగ్గర కూడా కట్టదు. వరసగా రెండు మూడు రాత్రులు గడ్డకట్టకపోతే పాస్ అంతా బురద స్నో, వాగులు కూడా పెరుగుతాయి, అలాంటప్పుడు ఒకట్రెండు రోజులు ఆగడమే మంచిది.

స్నో కంటే వాగులే డేంజర్ అంటారు, నిజమేనా?

నా లెక్కలో నిజమే. 2017 భారీ ఏడాది, ఆ వేసవిలో సియెర్రాలో పీసీటీ నడుస్తున్న ఇద్దరు ఆడవాళ్లు వేర్వేరు చోట్ల వాగుల్లో కొట్టుకుపోయి చనిపోయారు. జేఎంటీలో బేర్ క్రీక్, ఎవల్యూషన్ క్రీక్, సౌత్ ఫోర్క్ కింగ్స్, టిండాల్, రైట్, వాలస్ చూస్కోవాల్సినవి. ముందే అంచనా కావాలంటే హ్యాపీ ఐల్స్ దగ్గర మెర్సెడ్ నది మీద నీళ్లు ఎంత పారుతున్నాయో కొలిచే యూఎస్‌జీఎస్ (ప్రభుత్వ సర్వే సంస్థ) గేజ్ ఉంది, గ్రాఫ్ తెరిస్తే రోజుకో మూపురం కనబడుద్ది, పగలు కరిగిన నీళ్లు సాయంత్రం నుంచి రాత్రికి పెరిగి తెల్లారేసరికి తగ్గుతాయి. ఆ మూపురాలు రోజురోజుకీ పొడుగవుతుంటే పైన కరగడం ఇంకా జోరు మీదుందని, పొట్టివవుతుంటే దారికొస్తోందని. వాగు పొద్దున్నే దాటండి, బ్యాగ్ నడుం బెల్ట్ విప్పేసి, వెడల్పుగా పారేచోట. ఎవల్యూషన్ దగ్గర మామూలు చోటు బాగా లోతుంటే పైన మెడోలో నెమ్మదిగా పారేచోట దాటతారు. కింద జలపాతమో, అడ్డంగా పడిన దుంగలో ఉంటే అక్కడ అసలు దిగొద్దు. దాటలేమనిపిస్తే అక్కడే టెంట్ వేస్కుని తెల్లారేదాకా ఆగండి, రాత్రి మోకాళ్ల పైకి ఉన్నది పొద్దునకి పిక్కల దాకా తగ్గిన సందర్భాలు చాలా ఉంటాయి.

వేసవిలో కూడా అవలాంచ్ (స్నో చరియలు జారిపడటం) వస్తుందా?

జూన్‌లో మధ్యాహ్నం ఎండకి తడిసిన స్నో నిటారు స్లోపుల మీద జారుతుంది, చిన్నవే అయినా మనిషిని బండల మీదికి తోసేయడానికి చాలు. ఈస్టర్న్ సియెర్రా అవలాంచ్ సెంటర్ రోజువారీ బులెటిన్ వసంతంలోనే ఆపేస్తుంది, తర్వాత మీ కళ్లే బులెటిన్. పైనుంచి స్నో ఉండలు దొర్లుకుంటూ వస్తుంటే ఆ స్లోప్ కింద నిలబడొద్దు.

## ట్రైల్ మీదకి వెళ్లాక

పాస్ ఎన్నింటికి దాటాలి?

పాస్ పైన ఉదయం 8, 9 కల్లా ఉండేలా చూస్కోండి, దానికి చీకట్లో 4కి లేవాల్సొచ్చినా సరే. మరీ తెల్లారకముందే నిటారు ముఖం మీదికి వెళ్తే గాజులా ఉంటుంది, ఎండ తగిలి పైన అర అంగుళం మెత్తబడ్డాక స్పైక్స్ బాగా పట్టుకుంటాయి. పదకొండు దాటితే ప్రతి అడుగూ దిగబడుద్ది, రాళ్ల పక్కన ఇంకా ఎక్కువ, ఎందుకంటే బండ వేడికి చుట్టూ స్నో లోపల బోలైపోయి ఉంటుంది. బండని చూసి ఊతం దొరికిందని దాని పక్కన అడుగేస్తే పిక్క చీరుకుపోవడం ఖాయం, ఒక అడుగు దూరంగా నడవండి.

ట్రైల్ కనబడట్లేదు, ముందువాళ్ల అడుగులు పట్టుకుని వెళ్తే సరిపోతుందా?

గుడ్డెద్దు చేలో పడ్డట్టు వెళ్లొద్దు, ముందువాళ్లు కూడా తప్పే పోయుండొచ్చు. ఆఫ్‌లైన్ మ్యాప్ తెరిచి ప్రతి పది నిమిషాలకి చూస్కోండి, చల్లదనానికి ఫోన్ బ్యాటరీ పడిపోద్ది కాబట్టి లోపలి జేబులో పెట్టుకోండి. సన్‌కప్స్ ఉంటే, అంటే ఎండకి స్నో అంతా ఇడ్లీ ప్లేటు గుంటల్లా తయారవుద్ది, పాత అడుగులు వాటిలో కలిసిపోయి అసలు తెలీవు. జీపీఎస్ గీత మీదే నడవాలని కూడా లేదు, స్నో కింద ట్రైల్ మలుపులు తిరిగినా మీరు సేఫ్‌గా ఉన్న గట్టు పట్టుకుని ఎక్కొచ్చు.

స్నో పింక్ కలర్‌లో ఉంది, కాలుష్యమా? నీళ్లకి వాడొచ్చా?

కాలుష్యం కాదు, స్నోలో బతికే ఆల్గే. అడుగేస్తే జాడ ఎర్రగా పడుద్ది, కొంతమందికి పుచ్చకాయ వాసన కూడా వస్తుంది. తినకండి, కడుపు పాడవుతుందంటారు, పక్కన తెల్లది తీసి మరిగించుకోండి. ఈ సందర్భంలోనే ఇంకోటి, స్నో మీద ఎండ కిందనుంచి కూడా కొడుతుంది, గడ్డం కింద, ముక్కు రంధ్రాల లోపల కూడా సన్‌స్క్రీన్ రాయండి, నల్లద్దాలు లేకుండా ఒక పూట నడిస్తే రాత్రికి కళ్లల్లో ఇసుక పోసినట్టు మండుతుంది.

ఎప్పుడు వెనక్కి తిరగాలి, ఎటు బయటపడాలి?

ముగ్గురిలో ఒక్కళ్లకి ఆ స్లోప్ దాటడం ఇష్టం లేకపోయినా తిరగండి, నచ్చజెప్పి దాటించొద్దు. బయటపడే దార్లు ముందే మ్యాప్‌లో గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే టయోగా దాటాక సియెర్రాని అడ్డంగా కోసే రోడ్డు మీ ట్రైల్ మీద ఒక్కటీ లేదు. డక్ పాస్ మీదుగా మామత్, ల కాంట్ కాన్యన్ నుంచి బిషప్ పాస్ మీదుగా సౌత్ లేక్, గ్లెన్ దాటాక కియర్‌సార్జ్ పాస్ మీదుగా ఆనియన్ వ్యాలీ, ఇవి ఎక్కువ వాడేవి. వీటిల్లోనూ స్నో ఉంటుంది, బిషప్ పాస్ నుంచి సౌత్ లేక్ వైపు దిగుడు మీద మరీ ఎక్కువ, కాబట్టి పెద్ద పాస్‌లకి చూసినట్టే వీటికీ ముందే శాటిలైట్ ఫొటో చూసి పెట్టుకోండి. సాటిలైట్ మెసెంజర్‌లో ఇంటివాళ్లకి ఏ దారిన దిగుతున్నారో పెట్టండి, లేకపోతే పోర్టల్ దగ్గర ఎదురుచూసేవాళ్లు కంగారు పడతారు. కొండలకి తూర్పున ఉన్న 395 హైవే మీదికి చేరితే లోన్ పైన్, రీనో మధ్య ఈస్టర్న్ సియెర్రా ట్రాన్సిట్ బస్సు ఉంది, వీకెండ్‌లో దిగితే మాత్రం సోమవారం దాకా బస్సు దొరక్కపోవచ్చు, టైమింగ్స్ స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌లో ఉంచుకోండి.